ఊడ్చేసిన పిలుపు

యాప్‌లు తయారుచేసే పిల్లలకు నా నంబరు ఎవరిస్తారో తెలియదు గాని, రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. "మేడమ్, మా యాప్‌కి డౌన్‌లోడ్లు పెరగడం లేదు, ఏం చేయమంటారు?" అని అడుగుతారు. నేనేదో ఈ విద్యలో ఆరితేరినదాన్నని వాళ్ళ నమ్మకం. నిజానికి నేను చేసిన ఉద్యోగం రివ్యూలకు జవాబులు రాయడం. జనం తిట్టేవాళ్ళు, నేను దణ్ణం పెట్టేదాన్ని. అంతే.

అయినా అడిగారు కదా అని నాకు తెలిసిన నాలుగు ముక్కలూ చెబుతాను. యాప్ పేరు పలకడానికి నోరు తిరగాలి. బొమ్మ గోరంత కనబడినా పోల్చుకోగలగాలి. నక్షత్రాలు అడగడానికి ఓ సమయం ఉంటుంది, మనిషి హడావిడిగా ఏదో వెతుక్కుంటుంటే అడ్డం పడి "మేము నచ్చామా?" అంటే నచ్చినవాడికి కూడా ఒళ్ళు మండుతుంది. తిట్టినవాడికి ముందు జవాబివ్వండి, పొగిడినవాడు ఎక్కడికీ పోడు. ఇవన్నీ బుద్ధిగా రాసుకుంటారు. ఆఖర్న ఎవరో ఒకరు, "మా ఒక యాప్‌లో మా ఇంకో యాప్ గురించి చెప్పుకుంటే మంచిదంటున్నారు, నిజమేనా?" అంటారు. అక్కడ మాత్రం నేను కుర్చీ సర్దుకుని ఈ కథ మొదలుపెడతాను. ఓపిక లేనివాళ్ళు మధ్యలో లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను. అనుకుంటాను, పైకి అనను.

అంతకుముందు నేను ఓ ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. ప్రెస్సు మూతపడింది. యాభైకి దగ్గర పడుతున్న వయసులో మాదాపూర్‌లో ఓ చిన్న కంపెనీవాళ్ళు, "తెలుగు బాగా రాసేవాళ్ళు కావాలి" అంటే వెళ్ళాను. హైటెక్ సిటీ అనగానే మీకు అద్దాల మేడలు గుర్తొస్తాయి. మాది ఆ మేడల వెనక సందులో, కింద కర్రీ పాయింటు ఉన్న బిల్డింగులో రెండో అంతస్తు. పదకొండు దాటితే చాలు, కింద వేసే పోపు ఘాటుకు పైన కోడ్ రాసేవాళ్ళందరూ తుమ్మేవాళ్ళు.

మా బాసు గోదావరి జిల్లా మనిషి. పెద్ద కంపెనీలో ఉద్యోగం వదిలేసుకుని ఇది పెట్టాడు. గట్టిగా అరవడు, కాని లెక్క తేలనిదే కదలడు. మార్కెటింగ్ చూసే అతను శేరిలింగంపల్లి స్థానికుడు, ముప్పై అయిదేళ్ళవాడు, మాటలపోగు. నన్ను అక్కా అనేవాడు. ఎప్పుడూ బుగ్గన ఓ యాలక్కాయ. ఇక మూడో మనిషి, ఈ కథకు ముఖ్యమైన మనిషి, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయి. చదువవగానే మా దగ్గర చేరింది. నెమ్మదస్తురాలు. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే చెప్పదు, ముందు ఓసారి పెదవి కొరుక్కుంటుంది. అప్పటికింకా ఆమెది పక్కా ఉద్యోగం కాదు, పరిశీలనలో ఉంది.

మా కంపెనీకి రెండు యాప్‌లు. ఒకటి ఫోన్‌ను శుభ్రం చేసేది. తెర మీద చీపురు బొమ్మ ఉంటుంది, నొక్కితే సుర్రుసుర్రుమని ఊడ్చిన చప్పుడు వస్తుంది, వెనకాల నడుస్తున్న యాప్‌లన్నీ ఆగిపోతాయి, "మీ ఫోన్ తేలికైంది. శభాష్!" అని వస్తుంది. ఆ వెంటనే ఓ ప్రకటన. మా జీతాలన్నీ ఆ ప్రకటనల్లోంచే వచ్చేవి. అసలు సంగతి చెప్పనా? మా ఆఫీసులో ఏ ఒక్కరి ఫోన్లోనూ ఆ యాప్ ఉండేది కాదు. ఫోన్ తన పని తాను చూసుకుంటుందనీ, ఊరికే అన్నీ ఆపేస్తే లాభం పెద్దగా లేదనీ మాకందరికీ తెలుసు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడు, అలాగన్నమాట.

రెండోది మాత్రల యాప్. దాన్ని దాదాపు ఆ అమ్మాయి ఒక్కతే తయారుచేసింది. ఏ వేళకు ఏ మాత్రో పెట్టుకుంటే, ఆ వేళకు తెలుగులో పిలుస్తుంది. ఆ పిలిచే గొంతు నాది. స్టూడియోకి వెళ్ళే స్తోమత లేక, ఏసీ చప్పుడు వినబడకుండా టీ గదిలో తలుపేసుకుని రికార్డు చేశారు. "ఏమండీ, మాత్ర వేళయింది. లేచి నీళ్ళు తెచ్చుకోండి" అని మొదటిసారి మెత్తగా. కాసేపటికీ వేసుకోకపోతే, "ఇంకా వేసుకోలేదా? మీకే చెబుతున్నాను" అని కాస్త గట్టిగా. ఆ రెండోది నేను నటించలేదు, ఆ రోజు నిజంగానే విసుగ్గా ఉన్నాను. జనానికి అదే నచ్చింది. "మా అత్తగారు తిట్టినట్టే ఉంది, భయపడి వేసుకుంటున్నాను" అని ఒకాయన రాశాడు. అయిదు నక్షత్రాలిచ్చాడు. అత్తగారికిచ్చాడో నాకిచ్చాడో మరి.

అలా హాయిగా సాగుతుంటే, ఓ వేసవిలో మార్కెటింగ్ అతనికి ఓ ఆలోచన వచ్చింది. మాత్రల యాప్‌ను జనం నమ్ముతున్నారు. చీపురు యాప్‌కు కొత్తవాళ్ళు రావడం తగ్గింది. మాత్రల యాప్ తెరిచినప్పుడు చీపురు యాప్ గురించి ఓ ముక్క చూపిస్తే ఎలా ఉంటుంది? ఆ ముక్క కూడా తనే రాసుకొచ్చి మా అందరి ముందూ చదివాడు.

"మా అమ్మను చూసి రాసిన అక్కా, ఇను. 'పొద్దున్నే వాకిలి ఊడుస్తరు గద, అట్లనే ఫోన్ కూడ ఊడ్వండి.' ఎట్లుంది?"

బాగుందనే అన్నాం అందరం. నిజంగా బాగుంది. బాసు కూడా నవ్వాడు, ఆయన నవ్వడం అరుదు. ఆ వారమే పెట్టేశారు. చీపురు యాప్ ఎక్కించుకునేవాళ్ళు ఒక్కసారిగా పెరిగారు. మార్కెటింగ్ అతను ఆఫీసులో అందరికీ కింద నుంచి మిరపకాయ బజ్జీలు తెప్పించాడు.

తర్వాత కొన్నాళ్ళకు మాత్రల యాప్‌కు రివ్యూలు తిరగబడ్డాయి. "పిలవడం లేదు." "అలారం రావట్లేదు." "ముందు బాగుండేది, ఇప్పుడు దండగ." నేను ఒక్కొక్కరికీ "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రాస్తూనే ఉన్నాను. ఆ అమ్మాయి ఆఫీసులో ఉన్న పాతా కొత్తా ఫోన్లన్నీ బల్ల మీద పరిచి, అన్నిట్లోనూ మాత్ర వేళ పెట్టి చూసింది. అన్నీ పిలిచాయి. నా గొంతు అన్ని ఫోన్లలోంచీ ఒకేసారి "ఏమండీ" అంటుంటే నాకే సిగ్గేసింది. తప్పెక్కడుందో దొరకలేదు. దొరకని తప్పు ఎవరి ఖాతాలో పడుతుంది? కోడ్ రాసినవాళ్ళ ఖాతాలోనే.

"ఈ సోమవారం కూర్చుని తేల్చేద్దాం మేడమ్," అన్నాడు బాసు నాతో, ఆ అమ్మాయి వినకుండా. "ఆ అమ్మాయి ప్రొబేషన్ కూడా ఆ వారంతోనే అయిపోతోంది. పొడిగించడం కష్టం. ఇంకా అనుభవం ఉన్నవాళ్ళను చూద్దాం."

"అన్ని ఫోన్లలోనూ బాగానే పనిచేస్తోంది కదండీ," అన్నాను.

"మన ఫోన్లలో పనిచేస్తే సరిపోదు కదండీ."

ఆ అమ్మాయికి ఇంటి దగ్గర ఇద్దరు చెల్లెళ్ళు చదువుకుంటున్నారనీ, హాస్టల్లో నలుగురితో ఓ గదిలో ఉంటోందనీ నాకు తెలుసు. ఆ సంగతులు బాసుకు చెప్పి లాభం లేదు, పని బాగుంటేనే ఉద్యోగం నిలవాలి, జాలితో కాదు. కాని ఆమె పని బాగుందని నాకు గట్టి నమ్మకం. ఎలా చూపించాలో మాత్రం తెలియలేదు.

సరిగ్గా అప్పుడు ఓ రివ్యూ వచ్చింది. ఒక్క నక్షత్రం. "మీ పిలుపు నమ్ముకున్న. రాలే. మా ఆయనకు ఫిట్స్ వచ్చి మిషిన్ మీద పడ్డడు." అంతే రాసి ఉంది. రివ్యూ మార్చినా పాతది మాకు కనబడుతుంది; అదే మనిషి వేసవికి ముందు అయిదు నక్షత్రాలిచ్చి "ఈ అమ్మ మా ఇంట్ల మనిషి లెక్క" అని రాసింది. ఆ రెండూ ఒకదాని కింద ఒకటి చదివాను. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని చెయ్యి అలవాటుగా రాసేసింది. చూసుకుని చెరిపేశాను. మనిషి పడిపోతే అసౌకర్యమేమిటి, నా మొహం! మా ఆఫీసు సహాయం నంబరు పెట్టి, "అమ్మా, ఒకసారి ఫోన్ చేయండి, దయచేసి" అని మాత్రం రాశాను. ఆ నంబరు ఉన్న ఫోన్ నా దగ్గరే ఉండేది. మధ్యాహ్నానికల్లా మోగింది, ఆవిడే.

ఆవిడా, భర్తా లింగంపల్లి స్టేషను అవతల కాలనీలో కిరాయికి ఉంటారట. ఆయన దర్జీ. బడులు తెరిచే రోజులు కదా, యూనిఫారాలు కుట్టే పనితో చీకటిపడేదాకా దుకాణంలోనే. పొద్దుటి మాత్ర ఈవిడే చాయతో పాటు ఇస్తుంది. సాయంత్రం మాత్ర దుకాణంలోనే పెట్టుకుంటాడు, ఫోన్ పిలిస్తే వేసుకుంటాడు. "పిలిస్తె ఏసుకుంటుండె అమ్మా. పిలువకుంటె ఆయనకు దినం తెల్వదు, రాత్రి తెల్వదు," అంది.

శనివారం వస్తామని చెప్పి, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. బాసుకు చెప్పలేదు. చెబితే "రివ్యూ రాసిన ప్రతివాళ్ళ ఇంటికీ వెళతామా మేడమ్?" అంటాడు, అది సబబైన ప్రశ్నే. హైటెక్ సిటీ స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి లింగంపల్లిలో దిగాం. దిగేముందు ఆ అమ్మాయి, "మేడమ్, నా కోడ్ వల్లనే ఆయన పడ్డడంటే నేను సోమవారం దాక ఆగ, నేనే పోత," అంది.

"ముందు చూద్దాం పదమ్మా. ముందే ఉరేసుకుంటే జడ్జికి పనేం ఉంటుంది?" అన్నాను.

ఇల్లంటే ఒక గదీ, వంటిల్లూ. ముందు నాపరాళ్ళ వాకిలి, దాని మీద ముగ్గు. దర్జీ గారు గోడవారగా మంచం మీద కూర్చుని ఉన్నాడు, కనుబొమ్మ పైన కుట్లు. పడినప్పుడు మిషిను చక్రం తగిలిందట. నేను గడపలో నిలబడి, "నమస్కారమండీ, ఎలా ఉంది ఇప్పుడు?" అన్నానో లేదో, ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే పక్కనున్న మంచినీళ్ళ చెంబు మీదికి పోయింది.

"ఏయ్, ఈమెనే గద పిలిచేది!" అన్నాడు భార్యతో.

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. "నిజమే! గొంతు అదే. నేను ఇంకింత లావు మనిషి అనుకున్న," అంది. అంత దుఃఖంలోనూ నాకు నవ్వొచ్చింది, ఆవిడకూ వచ్చింది. కూర్చోబెట్టి చాయ పెట్టింది. తర్వాత కోపం గుర్తొచ్చినట్టుంది, గ్లాసులు కాస్త గట్టిగానే పెట్టింది.

ఆ అమ్మాయి ఫోన్ తీసుకుని చూడడం మొదలుపెట్టింది. మాత్ర పేరుంది, వేళ ఉంది, గొంతు పెద్దగానే పెట్టి ఉంది. రెండు నిమిషాల తర్వాతకు వేళ మార్చి బల్ల మీద పెట్టింది. "ఏమండీ, మాత్ర వేళయింది" అని ఫోన్ పిలిచింది. దర్జీ గారు ఫోన్ వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. ఆ అమ్మాయి మొహం ఇంకా వాడిపోయింది. ఇక్కడా పనిచేస్తోంది, మరి తప్పెక్కడ?

"రోజూ ఫోన్ ఎక్కడ పెడతారు? ఏం చేస్తారు? పొద్దుట్నుంచీ చెప్పండి," అని అడిగాను, ఏం అడగాలో తోచక.

"ఏం చేస్తమమ్మా? రాత్రి చార్జింగ్ పెడ్తడు. పొద్దుగాల నేను వాకిలి ఊడ్చి, సాంపి చల్లి, ముగ్గు పెట్టి, ఫోన్ ఊడ్చి ఆయన చేతిలిస్త. తీస్కొని పోతడు."

"ఫోన్ ఊడ్చి అంటే?"

"గిట్ల," అంటూ ఫోన్ అందుకుంది. బొటనవేలితో చీపురు బొమ్మ నొక్కింది. సుర్రుసుర్రుమని చప్పుడు. "మీ ఫోన్ తేలికైంది. శభాష్!" అని వచ్చింది. ఆవిడ మొహంలో కొంచెం గర్వం. "ఒక్క దినం తప్పలే. మీ దాంట్లనే చెప్పిండ్రు గద, వాకిలి లెక్క ఊడ్వాలని. పొద్దంత చాకిరి చేసినా నన్నెవ్వరు శభాష్ అనరమ్మా, గిదొక్కటే అంటది."

నాకింకా బోధపడలేదు. ఆ అమ్మాయికి పడింది. పెదవి కొరుక్కుని ఫోన్ తీసుకుంది, మళ్ళీ రెండు నిమిషాల తర్వాతకు మాత్ర వేళ పెట్టింది. ఈసారి యాప్ మూసేసి, తనే చీపురు బొమ్మ నొక్కి, ఫోన్‌ను మంచం మీద పెట్టింది. నలుగురమూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. వేళ దాటింది. ఫోన్ పలకలేదు. ఇంకాసేపు చూశాం. వంటింట్లో పాలు పొంగి, ఆవిడ పరిగెత్తి దించి వచ్చినా ఫోన్ పలకలేదు.

చీపురు అన్ని యాప్‌లతో పాటు మా పిలుపును కూడా ఊడ్చేస్తోంది. మళ్ళీ ఎవరైనా మాత్రల యాప్‌ను తెరిస్తే తప్ప అది లేవదు. పొద్దున్నే ఊడ్చిన ఫోన్ సాయంత్రం పిలవదు. ఆఫీసు ఫోన్లలో చీపురే లేదు గనక మాకెప్పుడూ పిలుపు తప్పలేదు. ఆ అమ్మాయి మెల్లగా ఆవిడకు అర్థమయ్యేలా చెప్పింది.

"అంటె నేనే ఊడ్చిన్నా?" అంది ఆవిడ. "నా చేతులతోనే ఆయన పిలుపు ఊడ్చి పంపిన్నా?"

"కాదమ్మా, కాదు," అన్నాను. "ఊడ్వమని చెప్పింది మేము."

"మీరే పిలుస్తమన్నరు, మీరే ఊడ్వమన్నరు. మేము ఎవల మాట వినాలె?"

దర్జీ గారే కలగజేసుకుని, "ఊకో, ఇప్పుడేమైంది, మంచిగనే ఉన్న గద," అన్నాడు. చీపురు యాప్ తీసేసి వచ్చాం. తీసేస్తుంటే ఆవిడ, "తియ్యండి. శభాష్ లేకున్నా ఫికర్ లేదు," అంది. రైల్లో ఆ అమ్మాయి ఏడ్చింది. తప్పు తనది కాదని తెలిసిన ఏడుపా, ఆయన కనుబొమ్మ చూసిన ఏడుపా అని నేను అడగలేదు. నాకూ కళ్ళు మండుతున్నాయి.

సోమవారం మీటింగు. బాసు ఆ అమ్మాయి వైపు చూడకుండా కాగితాలు సర్దుకుంటున్నాడు. అలా చూడకుండా ఉన్నాడంటే ఏం చెప్పబోతున్నాడో తెలిసిపోతుంది. ఆయన నోరు తెరిచే లోపలే నేను, "సర్, మీ ఫోన్ ఒకసారి ఇవ్వండి," అన్నాను. రెండు యాప్‌లూ ఎక్కించి, మాత్ర వేళ పెట్టి, మార్కెటింగ్ అతని ముందుకు జరిపాను. "మీ చీపురే కదా, మీరే నొక్కండి."

నొక్కాడు. శభాష్ అంది. చూస్తూ కూర్చున్నాం. వేళ దాటిపోయింది, నా గొంతు రాలేదు. కింద కర్రీ పాయింటులో ఎవరో గిన్నె పడేసిన చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు లింగంపల్లి సంగతి చెప్పాను.

బాసు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "సరే, దొరికింది కదా. మన మాత్రల యాప్ ఒక్కదాన్నీ ఊడ్వకుండా వదిలేయమని చీపురుకు చెబుదాం. ఒక్క పూట పని. సమస్య తీరిపోయింది."

అంతటితో ఊరుకుంటే ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచిపోయేది. ఆమె ఊరుకోలేదు. పెదవి కొరుక్కుంది, తర్వాత అంది: "సర్, మనదొక్కటే వదిలేస్తె ఎట్ల? ఇంకో కంపెనీ మాత్రల యాప్ ఉంటది. ఇన్సులిన్ యాప్ ఉంటది. ఉత్త అలారమే ఉంటది. అవి ఊడ్చుకపోతె?"

"అవి మన కస్టమర్లు కాదు కదమ్మా."

"ఊడ్చేది మన చీపురే గద, సర్."

బాసు మొహం ఎర్రబడింది. "చీపురు ఏదీ ఆపకపోతే ఇంక ఎవరైనా ఎందుకు నొక్కుతారు? ఎవరూ నొక్కకపోతే మనందరం ఏం తింటాం? నువ్వు చెప్పు." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు.

మార్కెటింగ్ అతను ఎప్పుడూ ఏదో ఒకటి అనేవాడు. ఆవేళ నోట్లో యాలక్కాయ కూడా కదలడం లేదు. ఉన్నట్టుండి తన ఫోన్ తీశాడు. ఇంటికి కలిపాడు. వాళ్ళమ్మకు బీపీ. మాత్రల యాప్ మొట్టమొదట ఎక్కించింది ఆవిడ ఫోన్లోనే. ఆ వాకిలి ముక్క రాసింది కూడా ఆవిడను చూసే. కంగారులో పొరపాటునో, మేమూ వినాలనో, ఫోన్‌ను స్పీకర్లో పెట్టాడు.

"అమ్మా, రాత్రిపూట గోలి ఏసుకుంటున్నవా?"

"ఏ గోలిరా?"

"బీపీదే. యాప్ల ఆమె పిలుస్తది గద!"

"ఆమె పిలుస్తలేదు గద బిడ్డా, మస్తు దినాలాయె," అంది ఆవిడ తాపీగా. "డాక్టరు బంద్ చెయ్యుమన్నడేమో, నువ్వే తీసేసినవేమో అనుకున్న. ఎందుకురా, ఏమైంది? నా ఫోన్ మంచిగనే ఉంది. రోజు ఊడుస్తున్న, నువ్వు చెప్పినట్టె."

అతను "ఇప్పుడొస్తున్నమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. లేచి బండి తాళం వెతుక్కుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, "సార్, ఆ పిల్ల చెప్పింది చెయ్యండి సార్," అన్నాడు. "నేను కొత్త లైన్లు రాస్త. ఇంకేమన్న అమ్ముదాం." తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

బాసు చాలాసేపు ఆ తలుపు వైపే చూశాడు. తర్వాత ఆ అమ్మాయితో, "ఎన్నాళ్ళు పడుతుంది మార్చడానికి?" అని అడిగాడు. ప్రొబేషన్ మాట అక్కడితో పోయింది, మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇంకో చిక్కు మిగిలింది. ఇప్పటికే పిలుపు ఆగిపోయిన ఫోన్లకు కబురు ఎలా చేరాలి? మాత్రల యాప్ పలికే స్థితిలో లేదు. ఆ ఇళ్ళలో రోజూ తెరిచేది చీపురే. కబురు అందులోనే పెట్టాలి. శభాష్ అనే చోట. బాసు "సాంకేతిక కారణాల వల్ల" అని మొదలుపెట్టి ఓ వాక్యం రాసిచ్చాడు. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దినట్టే అడ్డంగా గీత కొట్టేశాను.

"సాంకేతిక కారణాలంటే ఏం తెలుస్తుందండీ వాళ్ళకి? రాత్రి మాత్ర ఎన్నాళ్ళుగానో మానేసిన మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది తెలియాలి," అన్నాను.

"తప్పు మనదని మన యాప్‌లో మనమే రాసుకుంటామా మేడమ్?"

"వాకిలిలా ఊడ్వమని మనమే రాసుకున్నాం కదండీ."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాయండి," అన్నాడు.

నేను రాసింది ఇదీ: "ఈ చీపురు నొక్కిన ఫోన్లలో మాత్రల పిలుపు ఆగిపోయింది. తప్పు మాది, మీది కాదు. మాత్రల యాప్‌ను ఒకసారి తెరవండి. మాత్రలు తప్పి ఉంటే డాక్టరుకు చెప్పండి." "మీది కాదు" అన్న మాట లింగంపల్లి ఆవిడ కోసం వేశాను. అలాంటి ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు.

ఆ తర్వాత మేము బాగా దెబ్బతిన్నాం. నేను చెప్పే కథలో అంతా శుభం జరుగుతుందని మీరనుకుంటే పొరపాటు. చీపురు యాప్ ఇక చెత్త ఫైళ్ళను మాత్రమే తీసేది, ఏ యాప్‌నూ ఆపేది కాదు. జనం నొక్కడం తగ్గించారు. ప్రకటనలు తగ్గాయి. సగం అంతస్తు ఖాళీ చేసి ఇచ్చేశాం, ఇద్దరు వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. తప్పు ఒప్పుకున్నందుకు రివ్యూల్లో మెచ్చుకుంటారని నేను ఆశపడ్డాను. మెచ్చుకున్నవాళ్ళు కొందరే, ఉతికి ఆరేసినవాళ్ళే ఎక్కువ. అందరికీ జవాబిచ్చాను. బాసు నేను రిటైరయ్యేదాకా ఏ ఇబ్బంది వచ్చినా, "మేడమ్ గారి సత్యవాక్యం ఖరీదు ఇదీ" అనేవాడు. కాని ఆ వాక్యాన్ని తీసేయమని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఆ అమ్మాయి రెండేళ్ళు మాతోనే ఉండి, తర్వాత అద్దాల మేడల్లో ఒకదానికి వెళ్ళింది. ఇప్పటికీ పండగకు ఫోన్ చేస్తుంది. మార్కెటింగ్ అతను వాళ్ళమ్మకు రాత్రి మాత్ర తనే చేతిలో పెట్టి, వేసుకున్నదాకా ఎదురుగా నిలబడతాడట. "మా అమ్మ నన్ను పోలీసు అంటది అక్కా," అని చెప్పాడు.

ఆ ఏడాది వానలు మొదలయ్యాక ఓ రోజు లింగంపల్లి ఆవిడ తన రివ్యూ మార్చింది. ఒక్క నక్షత్రం ఉన్నచోట నాలుగు పెట్టింది. కింద ఇలా రాసింది: "ఇప్పుడు మంచిగనే పిలుస్తున్నది. గని ఆ టైముకు నేను కూడ దుకాణానికి ఫోన్ చేసి పిలుస్తున్న."

మార్కెటింగ్ అతను నా భుజం మీదుగా వంగి చదివాడు. అతనిలో పాత మనిషి కొంచెం మేలుకున్నాడు. "అక్కా, ఒక్కటే తక్కువున్నది. నువ్వంటే ఆమెకు మంచిగనే ఉన్నది గద, ఆ అయిదోది కూడ అడుగరాదు?"

"వద్దులే," అన్నాను. "ఆవిడ కూడా పిలుస్తోంది కదా. ఆ ఒక్క నక్షత్రం ఆవిడది."